సీఎంఆర్ అంటే బియ్యమొక్కటే కాదు: సర్వర్‌లో పోయిన డిస్కుకు బదులు సీగేట్ ఐరన్‌వుల్ఫ్ 4 టీబీ

మిర్యాలగూడ మిల్లు ఆఫీసులో సీఎంఆర్ అంటే సర్కారు వడ్లు తీసుకుని మర ఆడించి తిరిగి అప్పజెప్పాల్సిన బియ్యం. అదే ఆఫీసులో బల్ల కింద నడిచే లైనక్స్ సర్వర్‌లో ఒక డిస్కు పోయి, కొత్తది కొనడానికి దుకాణానికి పోతే అక్కడ అడగాల్సిన మొదటి మాట కూడా సీఎంఆరే. ఇది వేరే సీఎంఆర్, కన్వెన్షనల్ మాగ్నెటిక్ రికార్డింగ్. ఈ రెండో సీఎంఆర్ సంగతి తెలియక దొరికిన డెస్క్‌టాప్ డిస్కు తెచ్చి పెడతారు. రాత్రంతా రీబిల్డ్ (మిగిలిన డిస్కులోని డేటా కొత్తదానికి ఎక్కడం) అయిపోతుందిలే అని తాళమేసి పోతారు. పొద్దున వచ్చి చూస్తే కొత్త డిస్కునే సర్వర్ పక్కకు నెట్టేసి ఉంటుంది.

ఇక్కడ చూస్తున్నది సీగేట్ ఐరన్‌వుల్ఫ్ 4 టీబీ, మోడల్ నంబర్ ఎస్‌టీ4000వీఎన్006. ట్యాలీ డేటాను సాంబా షేర్‌లో (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే ఫోల్డర్‌లో) పెట్టుకున్న మిల్లు, స్కాన్‌లు దాచుకునే డయాగ్నస్టిక్ సెంటర్, ఫీజుల లెక్కలున్న జూనియర్ కాలేజీ: ఇలాంటి చోట్ల రెండు డిస్కుల మిర్రర్‌తో (రెండింటిలోనూ ఒకే డేటా ఉంచే పద్ధతితో) నడిచే చిన్న యూనిక్స్ సర్వర్లకు ఇది ఎంతవరకు సరిపోతుందన్నదే ప్రశ్న. జవాబు ముందే చెప్పేస్తాను: నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండలకు, ఏసీ లేని గదులకు ఈ సైజులో ఇదే సరైన ఎంపిక. కాకపోతే డబ్బా మీద రాసిన హంగుల్లో సగం యూనిక్స్ సర్వర్‌కు అక్కరకు రావు.

డిస్కు నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. క్యాష్ 256 ఎంబీ. కంపెనీ చెప్పే గరిష్ఠ వేగం సెకనుకు 202 ఎంబీ. అది డిస్కు బయటి అంచున వచ్చే వేగం. లోపలి ట్రాకులకు వచ్చేసరికి దాదాపు సగానికి పడిపోతుంది, సగటున 150 దగ్గర ఆగుతుంది. పాత సర్వర్‌లో సాటా పోర్టు 3 గిగాబిట్‌దే అయినా దిగులక్కర్లేదు, ఈ డిస్కు ఆ పోర్టును కూడా నింపలేదు. ఏడాదికి 180 టీబీ పనిభారం, మూడేళ్ల వారంటీ. మిల్లు సర్వర్ ఏడాదికి రాసే డేటా ఆ 180 దరిదాపులకు కూడా రాదు.

ఇక సీఎంఆర్ అసలు సంగతి. దీనికి ఎదురుగా నిలిచేది ఎస్ఎంఆర్, షింగిల్డ్ మాగ్నెటిక్ రికార్డింగ్. గూన పెంకుల ఇల్లు గుర్తు తెచ్చుకోండి. పై వరుస పెంకు అంచు కింది వరుస మీదికి వస్తుంది. మధ్యలో ఒక్క పెంకు మార్చాలంటే దాని మీద ఎక్కిన వరుసలన్నీ విప్పి మళ్లీ పేర్చాలి. ఎస్ఎంఆర్ డిస్కులో ట్రాకులు అట్లాగే ఒకదాని మీదికొకటి ఎక్కి ఉంటాయి. చిన్న రాత కోసం కూడా ఒక పెద్ద పట్టీ మొత్తం చదివి తిరగరాయాలి. ఆ కష్టం బయటికి కనపడకుండా డిస్కు తన దగ్గరున్న కొద్దిపాటి మామూలు జాగాలో ముందు రాసుకుని, ఖాళీ దొరికినప్పుడు సర్దుకుంటుంది. ఇంట్లో పీసీకి దాంతో ఇబ్బంది లేదు. రీబిల్డ్‌లో మాత్రం గంటల తరబడి ఎడతెగకుండా రాత వస్తూనే ఉంటుంది, సర్దుకునే తీరికే దొరకదు. డిస్కు సెకన్ల కొద్దీ జవాబివ్వకుండా కూర్చుంటుంది. అది చచ్చిపోయిందనుకుని సర్వర్ అర్రే (జతకట్టిన డిస్కుల గుంపు) నుంచి తీసేస్తుంది. డిస్కుల జతను కూడా తానే చూసుకునే ఫైల్ సిస్టమ్ జెడ్ఎఫ్ఎస్‌లో ఈ గోస ఇంకా ఎక్కువ.

2020 ఏప్రిల్‌లో ఇది పెద్ద గొడవే అయింది. నాస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టె) డిస్కులని అమ్మిన డబ్ల్యూడీ రెడ్ 2 నుంచి 6 టీబీ మోడళ్లలో కొన్ని ఎస్ఎంఆర్ అని వెస్టర్న్ డిజిటల్ ఒప్పుకుంది. తర్వాత సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని పేరు మార్చింది. కాబట్టి డబ్ల్యూడీ కొనేవాళ్లు నంబర్ తోక చూడాలి: డబ్ల్యూడీ40 తర్వాత ఈఎఫ్ఏఎక్స్ ఉంటే ఎస్ఎంఆర్, వదిలేయండి. ఈఎఫ్‌పీఎక్స్, ఈఎఫ్‌జెడ్ఎక్స్, ఈఎఫ్ఆర్ఎక్స్ అయితే సీఎంఆర్. సీగేట్‌లో బర్రకుడా 4 టీబీ, ఎస్‌టీ4000డీఎం004, ఎస్ఎంఆర్. వారంటీ కూడా రెండేళ్లే. ఐరన్‌వుల్ఫ్ వరస మొత్తం సీఎంఆర్, తోక చూసి తలపట్టుకునే పని లేదు. ఒక్క ఈ కారణానికే, ఫోన్లో చెప్పి తెప్పించుకునేవాళ్లకు ఐరన్‌వుల్ఫ్ అని చెప్పడం సుఖం.

జిల్లా కేంద్రాల దుకాణాల్లో అడగ్గానే చేతికిచ్చేది చాలావరకు సీసీ కెమెరాల డిస్కు, స్కైహాక్ లేదా డబ్ల్యూడీ పర్పుల్. కెమెరాల వ్యాపారం అంతుంది మరి. అత్యవసరమైతే అది పెట్టుకోవచ్చా? మోడల్ సీఎంఆర్ అని రూఢి చేసుకున్నాక పెట్టుకోవచ్చు. అది ఆగకుండా రాయడానికి తయారైన డిస్కు, ఇరవై నాలుగు గంటల పనికి వెరవదు. కానీ చిన్న చిన్న ఫైళ్లను అక్కడోటి ఇక్కడోటి వెతికే పనికి ట్యూన్ చేసింది కాదు. రెండు రోజుల్లో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి ఐరన్‌వుల్ఫ్ తెప్పించుకోగలిగితే తెప్పించుకోవడమే మేలు. ఆ రెండు రోజులు మిగిలిన ఒక్క డిస్కు మీద బండి నడుస్తుంది గనుక, బ్యాకప్ ముందు తీయాలి. ఎంత తొందరున్నా ఇది తప్పించొద్దు.

కౌంటర్ దగ్గరే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. యాంటీ స్టాటిక్ కవర్ విప్పకుండానే లేబుల్ మీది సీరియల్ నంబర్ చదవొచ్చు. ఆ నంబర్‌ను సీగేట్ వెబ్‌సైట్ వారంటీ పేజీలో కొట్టి, వారంటీ ఎప్పటిదాకా చూపిస్తుందో అక్కడే నిలబడి చూడండి. వేరే దేశం నుంచి వచ్చిన సరుకైనా, ఏదో బ్రాండ్ కంప్యూటర్ కోసం తయారైన డిస్కయినా వారంటీ చూపించకపోవచ్చు. జీఎస్టీ బిల్లు మీద మోడల్ నంబర్ మాత్రమే రాసిస్తే ఒప్పుకోకండి, సీరియల్ నంబర్ కూడా రాయించుకోండి. లేబుల్ మీద సర్టిఫైడ్ రిపేర్డ్ అని ఉంటే అది బాగుచేసిన డిస్కు, కొత్త డిస్కు ధర పెట్టొద్దు.

వాడేసిన డిస్కును కొత్తదని అంటగట్టే మోసం కూడా నడుస్తోంది. స్మార్ట్‌లో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే పట్టికలో) 9వ లక్షణం, అంటే ఆన్‌లో ఉన్న గంటలు, సున్నా చేసి అమ్ముతారు. సీగేట్ డిస్కుల్లో దీనికి విరుగుడుంది. ఫార్మ్ అనే ఇంకో లాగ్‌లో గంటల లెక్క విడిగా ఉంటుంది. స్మార్ట్‌మాన్‌టూల్స్ 7.4 నుంచి స్మార్ట్‌సీటీఎల్ -ఎల్ ఫార్మ్ అని కొడితే అది కనిపిస్తుంది. రెండు చోట్లా గంటలు దగ్గర దగ్గరగా ఉంటే సరే. స్మార్ట్‌లో 2 గంటలు, ఫార్మ్‌లో వేల గంటలు కనిపిస్తే అదే రోజు దుకాణానికి తిప్పి పంపండి.

ఇంకో హెచ్చరిక, ఇది ఒక్క సీగేట్ కొనేవాళ్లకే. స్మార్ట్ పట్టికలో 1, 7 నంబర్ల దగ్గర, అంటే రా రీడ్ ఎర్రర్ రేట్, సీక్ ఎర్రర్ రేట్ దగ్గర, కోట్లలో అంకెలు కనిపిస్తాయి. కొత్త డిస్కు పాడైపోయిందని గాబరా పడి తిప్పి పంపేవాళ్లు ఉన్నారు. ఆ 48 బిట్ల అంకెలో కింది 32 బిట్లు మొత్తం ఎన్నిసార్లు చదివిందన్న లెక్క, పై 16 బిట్లే తప్పుల లెక్క. దాన్ని వదిలేసి 5, 187, 197, 198 (చెడిన, చదవలేని సెక్టార్ల లెక్కలు) చూడండి. కొత్త డిస్కులో ఈ నాలుగూ సున్నా ఉండాలి. 199 పెరుగుతుంటే అది చాలావరకు డిస్కు తప్పు కాదు, సాటా కేబుల్‌ది. నిజానికి పాత డిస్కు పోయిందని తేల్చే ముందే ఈ 199 చూసి, కేబుల్ ఒకసారి మార్చి చూడాలి. మిల్లుల్లో మోటార్ల అదురుకు కేబుల్ కొద్దిగా వదులైనా చాలు, నిక్షేపంలాంటి డిస్కు అర్రే నుంచి జారిపోతుంది. కేబుల్ ఖర్చెంత, డిస్కు ఖర్చెంత!

ఇప్పుడు బిగింపు. డబ్బాలో డిస్కు తప్ప ఇంకేమీ ఉండదు. స్క్రూలు రావు, క్యాడీ (డిస్కును పట్టే చట్రం) రాదు. హాట్ స్వాప్ (నడుస్తుండగానే డిస్కు మార్చగల) సర్వర్ అయితే పాత డిస్కు క్యాడీ విప్పి దీనికి వేసుకోవాలి. మూడున్నర అంగుళాల డిస్కుకు పట్టేది 6-32 మరల లావు స్క్రూ. రెండున్నర అంగుళాల డిస్కులకు, సీడీ డ్రైవ్‌లకు వాడే సన్నని ఎం3 స్క్రూ ఇందులో తిప్పితే పట్టినట్టే పట్టి వదులుగా ఊగుతుంది, డిస్కు అదురుతుంది. లావుదాన్ని ఎం3 రంధ్రంలో బలవంతంగా తిప్పితే మరలే పోతాయి. చేత్తో రెండు చుట్లు తేలిగ్గా పోకపోతే అది వేరే స్క్రూ అని అర్థం. ఒక పక్కన చిన్న రంధ్రం, దాని చుట్టూ మూయొద్దన్న రాత ఉంటుంది. అది డిస్కు ఊపిరి తీసుకునే దారి. ఇన్వెంటరీ స్టిక్కర్ తెచ్చి సరిగ్గా దాని మీదే అంటించేవాళ్లుంటారు.

పాత డిస్కు ఏదో గుర్తుపట్టడంలో జరిగే పొరపాటే అన్నింటికంటే ఖరీదైనది. రెండు డిస్కుల్లో ఒకటి పోయిందని సర్వర్ చెప్పింది, పేరు ఎస్‌డీబీ. పెట్టెలో కింద ఉన్నదే రెండోది కదా అని లాగితే, అది బతికున్న డిస్కు అయి ఉండొచ్చు. ఏ, బీ అనే అక్షరాలు బూట్ అయినప్పుడల్లా మారగలవు, అవి స్లాటు నంబర్లు కావు. ఎల్ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సీరియల్ అని కొడితే ఏ పేరుకు ఏ సీరియల్ నంబరో వస్తుంది. పోయిన డిస్కు అసలే పలకకపోతే బతికున్నదాని నంబర్ రాసుకోండి, లేబుల్ మీద ఆ నంబర్ లేనిదే తీయాల్సింది. సర్వర్ ఆపకుండా తీయాలంటే బతికున్న డిస్కును డీడీతో చదివించండి: డీడీ ఐఎఫ్=/డెవ్/ఎస్‌డీఏ ఓఎఫ్=/డెవ్/నల్ బీఎస్=1ఎం. ఎడతెగకుండా మిణుకుమనే లైటు బతికున్నదానిది, దాని జోలికి పోకండి. ఐఎఫ్, ఓఎఫ్ మాత్రం తిరగేయకండి. (కమాండ్లన్నీ పలికినట్టు రాశాను, టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే.)

పాతది తీసే ముందు చేయాల్సిన తనిఖీ ఇంకొకటి ఉంది. బతికున్న డిస్కులో 197 ఎంతుందో చూడండి. అది సున్నా కాకపోతే రీబిల్డ్ మధ్యలో ఆ సెక్టార్ల దగ్గర చదవలేక తడబడుతుంది. రెండు డిస్కులూ ఒకే రోజు కొని ఒకే వయసున్నవైతే ఇది అరుదేం కాదు. అప్పుడు పాత డిస్కు సగం బతికున్నా దాన్ని తీసేయొద్దు. మూడో పోర్టు ఖాళీగా ఉంటే ఐరన్‌వుల్ఫ్‌ను దానికి తగిలించి, రెండు పాతవీ ఉండగానే మార్చుకోవచ్చు. లైనక్స్ మిర్రర్‌ను నడిపే కమాండ్ ఎండీఏడీఎంలో దానికి --రీప్లేస్, --విత్ ఉన్నాయి. జెడ్ఎఫ్ఎస్‌లో జెడ్‌పూల్ రీప్లేస్ పాతది కొత్తది అంటే చాలు, పాతది కూడా చదవడానికి పనికొస్తుంది.

లైనక్స్ మిర్రర్‌లో మామూలు వరస ఇది. /ప్రోక్/ఎండీస్టాట్ చూస్తే రెండు యూల చోట ఒక యూ, ఒక అడ్డగీత కనిపిస్తాయి. ఎండీఏడీఎం --మేనేజ్ /డెవ్/ఎండీ0 --ఫెయిల్ /డెవ్/ఎస్‌డీబీ1, తర్వాత అదే వరసలో --రిమూవ్. ఒకే డిస్కు మీద రెండు మూడు ఎండీలు (లైనక్స్ అర్రేలు) ఉంటే, అంటే బూట్‌కొకటి, స్వాప్‌కొకటి, డేటాకొకటి ఉంటే, అన్నింటిలోంచీ తీయాలి. ఒకటి మరిచిపోతే డిస్కు లాగేశాక కెర్నల్ ఆ పేరును వదలదు, కొత్త డిస్కు ఎస్‌డీబీగా రాకుండా ఎస్‌డీసీగా వస్తుంది. కొంప మునగదు గానీ, ఆ తర్వాత కొట్టే ప్రతి కమాండ్‌లో పేరు తప్పే ప్రమాదం అక్కడ మొదలవుతుంది. నడుస్తుండగానే మార్చేవాళ్లు బయోస్‌లో హాట్ ప్లగ్ ఆన్‌లో ఉందో లేదో ముందు చూసుకోవాలి. అది తెలియకపోతే సర్వర్ ఆపి మార్చడమే నయం, పది నిమిషాల పని.

కొత్త డిస్కు మీద పార్టిషన్లు గీయడానికి ఎస్‌జీడిస్క్ -ఆర్ (పెద్ద ఆర్) వాడతారు. దీని వరస తలకిందులుగా ఉంటుంది: ఎస్‌జీడిస్క్ -ఆర్ /డెవ్/ఎస్‌డీబీ /డెవ్/ఎస్‌డీఏ అంటే ఎస్‌డీఏ పట్టిక ఎస్‌డీబీకి పోతుంది. ఆర్ పక్కన రాసేది గమ్యం. సీపీ కమాండ్ అలవాటులో ముందు ఎస్‌డీఏ రాస్తే, ఖాళీ డిస్కు పట్టిక వచ్చి డేటా ఉన్న డిస్కు మీద కూర్చుంటుంది. అందుకే ముందు ఎస్‌జీడిస్క్ --బ్యాకప్=పట్టిక.బిన్ /డెవ్/ఎస్‌డీఏ కొట్టి, ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఆ తర్వాతే -ఆర్ ముట్టుకోవాలి. అయ్యాక కొత్తదాని మీద ఎస్‌జీడిస్క్ -జీ (పెద్ద జీ), లేకపోతే రెండు డిస్కులకూ ఒకే ఐడీ ఉంటుంది. పాత సర్వర్‌లో ఎంబీఆర్ అనే పాత తరహా పార్టిషన్ పట్టిక ఉంటే ఎస్ఎఫ్‌డిస్క్ -డీ తో తీసి కొత్తదానికి ఎక్కించాలి. 1 టీబీ పాత డిస్కు చోట ఈ 4 టీబీ పెడితే మిగతా 3 టీబీ ఊరికే పడి ఉంటుంది. దాని కోసం ఆశపడి అదే రోజు పార్టిషన్లు పెంచే పని పెట్టుకోకండి. ఎంబీఆర్ ఎట్లాగూ 2 టీబీ దాటి చూడలేదు.

తర్వాత ఎండీఏడీఎం --మేనేజ్ /డెవ్/ఎండీ0 --యాడ్ /డెవ్/ఎస్‌డీబీ1. రీబిల్డ్ మొదలవుతుంది. ఇతరుల పని లేకపోతే 4 టీబీకి ఏడున్నర గంటలు పడుతుంది. పగలు ఆఫీసు నడుస్తుండగా పెడితే మాత్రం లైనక్స్ రీబిల్డ్‌ను వెనక్కి నెట్టి మనుషుల పనికి దారిస్తుంది. వెనక్కి నెట్టినప్పుడు అది హామీ ఇచ్చే కనీస వేగం సెకనుకు 1000 కేబీ మాత్రమే. ఆ వేగంతో 4 టీబీ పూర్తికావాలంటే 46 రోజులు! అందుకే డెవ్.రెయిడ్.స్పీడ్_లిమిట్_మిన్ విలువను సిస్‌సీటీఎల్‌తో 50000కు పెంచాలి, లేదా సాయంత్రం ట్యాలీ మూసేశాక మొదలుపెట్టాలి. ఐరన్‌వుల్ఫ్ ఈ పరుగులో నిలకడగా ఉంటుంది. మొదట్లో 200 దగ్గర మొదలై చివరికి వంద దాకా మెల్లగా దిగుతుంది తప్ప మధ్యలో ఉన్నట్టుండి పదికి పడిపోదు. అట్లా పడి లేస్తూ ఉంటే మీ చేతికొచ్చింది ఎస్ఎంఆర్ డిస్కేమో లేబుల్ మళ్లీ చదవండి.

రీబిల్డ్ నూరు శాతం అయ్యాక అందరూ మరిచిపోయేది బూట్‌లోడర్, సర్వర్‌ను లేపే ప్రోగ్రామ్. పాత బయోస్ సర్వర్‌లో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీబీ కొట్టాలి. యూఈఎఫ్ఐ (కొత్త తరం బయోస్) అయితే బూట్ ఫైళ్లుండే ఈఎస్‌పీ పార్టిషన్ సాధారణంగా మిర్రర్‌లో ఉండదు, దాన్ని విడిగా కాపీ చేసి ఎఫీబూట్‌ఎంజీఆర్‌తో బూట్ ఎంట్రీ చేర్చాలి. ఈ తప్పు ఆ రోజు బయటపడదు. ఏడాది తర్వాత మొదటి డిస్కు పోయిన రోజు, డేటా అంతా ఐరన్‌వుల్ఫ్ మీద భద్రంగా ఉండి కూడా సర్వర్ లేవదు.

ఫ్రీబీఎస్‌డీ (లైనక్స్ లాంటి ఇంకో యూనిక్స్) వాళ్లకు పని ఇంకా తేలిక. జీపార్ట్ బ్యాకప్ ఏడీఏ0 తీసి దాన్ని జీపార్ట్ రిస్టోర్ -ఎఫ్ (పెద్ద ఎఫ్) ఏడీఏ1 లోకి పైప్ చేయడం, జీపార్ట్ బూట్‌కోడ్‌తో పీఎంబీఆర్, జీపీటీజెడ్ఎఫ్ఎస్‌బూట్ రాయడం, ఆ తర్వాత జెడ్‌పూల్ రీప్లేస్. జెడ్ఎఫ్ఎస్ ఖాళీ జాగా కాపీ చేయదు. పూల్‌లో (జెడ్ఎఫ్ఎస్ డిస్కుల కూటమిలో) 600 జీబీ ఉంటే 600 జీబీయే రాస్తుంది, అందుకే గంటా రెండు గంటల్లో తేలిపోవచ్చు. చదవలేని సెక్టార్ ఎదురైతే ఏ ఫైలు పోయిందో జెడ్‌పూల్ స్టేటస్ -వీ పేరుతో సహా చెబుతుంది, ఎండీ అయితే ఫైలు పేరు చెప్పలేదు. ఒక చిక్కు ఉంది. బాగా పాత పూల్ 512 బైట్ల సెక్టార్ లెక్కన, అంటే యాషిఫ్ట్ 9తో కట్టి ఉంటే, ఐరన్‌వుల్ఫ్ లోపలి సెక్టార్ 4096 బైట్లు గనుక సెక్టార్ అమరిక కుదరదని రీప్లేస్ తిరస్కరించవచ్చు. -ఓ యాషిఫ్ట్=9 ఇస్తే ఒప్పుకుంటుంది గానీ రాత నెమ్మదిస్తుంది. సైజు విషయంలో భయం లేదు. ఏ కంపెనీ 4 టీబీ అయినా 7,814,037,168 సెక్టార్లే, పాత డబ్ల్యూడీకి జతగా ఈ సీగేట్ ఒక్క సెక్టార్ కూడా తక్కువ పడదు. ఆ మాటకొస్తే జతలో ఒకటి సీగేట్, ఇంకోటి డబ్ల్యూడీ ఉండటమే మంచిది, ఒకే బ్యాచ్ లోపం రెండింటినీ ఒకేసారి పట్టుకోదు.

డెస్క్‌టాప్ డిస్కుకూ దీనికీ ఇంకో పెద్ద తేడా ఎర్రర్ రికవరీ గడువు. చదవలేని సెక్టార్ ఎదురైతే డెస్క్‌టాప్ డిస్కు నిమిషాల తరబడి దాంతోనే కుస్తీ పడుతుంది. లైనక్స్ 30 సెకన్లు చూసి డిస్కునే రీసెట్ చేస్తుంది. ఐరన్‌వుల్ఫ్ 7 సెకన్లకు చేతులెత్తేసి, తప్పు ఉందని చెప్పి తప్పుకుంటుంది. మిర్రర్‌లో రెండో కాపీ నుంచి చదువుకోవచ్చు గనుక మనకు కావాల్సింది ఇదే. స్మార్ట్‌సీటీఎల్ -ఎల్ ఎస్‌సీటీఈఆర్‌సీ /డెవ్/ఎస్‌డీబీ అంటే 70, 70 అని కనిపించాలి, అవి సెకనులో పదో వంతులు. లేకపోతే ఎస్‌సీటీఈఆర్‌సీ,70,70 అని పెట్టి, ఆ వరసను బూట్ స్క్రిప్టులో కూడా వేయాలి.

వేడి సంగతి మన జిల్లాల్లో విడిగా చూడాలి. మే నెలలో నల్లగొండలో బయట 44, 45 డిగ్రీలు మామూలే. ఏసీ లేని గదిలో, మూసిన పెట్టెలో, రెండు డిస్కులు ఆనించి పెడితే రీబిల్డ్ గంటల్లో 194వ లక్షణం, అంటే డిస్కు వేడి, 55 దాటొచ్చు. ఈ డిస్కు 5400 చుట్లది కావడం ఇక్కడ కలిసొస్తుంది. ఇదే సైజులో తోషిబా ఎన్300 కాస్త చురుకైనదే, కానీ 7200 చుట్లు, వేడీ చప్పుడూ రెండూ ఎక్కువ. మహబూబ్‌నగర్‌లో ఏసీ ఉన్న బ్యాంకు గదిలాంటి చోటైతే ఎన్300 పెట్టుకోండి. ఊక దుమ్ము లేచే మిల్లు ఆఫీసుకు వద్దు. అక్కడ ముందు ఫ్యాన్ జాలీకి ఊక గడ్డకట్టి ఉంటుంది, డిస్కు మార్చే రోజే దాన్ని బ్రష్‌తో దులిపితే నాలుగైదు డిగ్రీలు అక్కడే తగ్గుతాయి. రెండు డిస్కుల మధ్య ఒక స్లాటు ఖాళీ వదలండి. బస్సు పార్శిల్‌లో వచ్చిన డిస్కును ఎండ వేడి మీదే బిగించొద్దు. గంటో రెండు గంటలో గదిలో ఉంచి, ఒంటి వేడి తగ్గాక కరెంటివ్వండి. పార్శిల్ చుట్టూ అయిదు సెంటీమీటర్ల మెత్త లేకుండా, ఒక్క బబుల్ కవర్‌లోనే వచ్చిందంటే లాంగ్ టెస్ట్ చేయకుండా నమ్మకండి: స్మార్ట్‌సీటీఎల్ -టీ లాంగ్. ఎనిమిది గంటల పైనే పడుతుంది.

కరెంటు పోతే? జెడ్ఎఫ్ఎస్ రీసిల్వర్ (దాని రీబిల్డ్) కరెంటొచ్చాక తనంతట తాను కొనసాగుతుంది, ఎండీ కూడా పద్ధతిగా షట్‌డౌన్ అయితే ఆగిన చోటు నుంచి ఎత్తుకుంటుంది. బాధల్లా ఉన్నపళంగా ఆరిపోవడంతోనే. ఎండకాలం సాయంత్రం గాలిదుమారంలో రెండు మూడుసార్లు పోయి వస్తే, ఇప్పుడున్న ఒక్క మంచి డిస్కు మీదే ఆ దెబ్బలన్నీ పడతాయి. యూపీఎస్ బ్యాటరీ మూడేళ్లు దాటిందైతే డిస్కుతో పాటు అది కూడా మార్చండి.

పనికిరాని హంగుల మాట చెప్పాను కదా. ఐరన్‌వుల్ఫ్ హెల్త్ మేనేజ్‌మెంట్ అని పెద్దగా రాస్తారు, అది కొన్ని నాస్ పెట్టెల్లోనే నడుస్తుంది. మామూలు లైనక్స్, బీఎస్‌డీ సర్వర్‌లో స్మార్ట్‌డీ (స్మార్ట్ పట్టికను కనిపెట్టి ఉండే ప్రోగ్రామ్) మీదే ఆధారపడాలి. మూడేళ్ల రెస్క్యూ డేటా రికవరీ కూడా కలిపే ఇస్తారు. మిర్రర్ పెట్టుకున్నవాళ్లకు దాని అవసరం పడదు. ఒక్క డిస్కు మీదే బతికే చోట మాత్రం అది నిజంగా విలువైన సేవ. పెద్ద బ్రాండ్ సర్వర్లలో, ముఖ్యంగా హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు ఉన్నవాటిలో, బయటి డిస్కు పెడితే ఫ్యాన్లు ఊపందుకుని అరవడం, పసుపు లైటు వెలగడం జరుగుతుంటాయి. అందులో ఐరన్‌వుల్ఫ్ తప్పేం లేదు, అయినా కొనే ముందు తెలిసుండాలి. అలాంటి కార్డు వెనకున్న డిస్కు స్మార్ట్ చూడాలంటే -డీ మెగారెయిడ్,0 లాంటి ఆప్షన్ కావాలి. ఆరు, ఎనిమిది డిస్కుల పెట్టెకు, డేటాబేస్ రోజంతా ఊపిరాడకుండా తిరిగే చోటుకు ఈ 4 టీబీ చాలదు, ఆ పైమెట్టు డిస్కులు చూసుకోండి. ఇద్దరు ముగ్గురు ట్యాలీ కొట్టుకునే ఆఫీసుకు అయిదులో నాలుగు మార్కులు వేస్తాను. ఒకటి తగ్గించింది వారంటీ తీరుకు: పోయిన డిస్కు పంపితే తిరిగొచ్చేది బాగుచేసిన డిస్కు కావచ్చు, దాన్ని మళ్లీ ఆఫీసు మిర్రర్‌లో పెట్టడానికి మనసొప్పదు. బ్యాకప్ డిస్కుగా వాడుకోండి.

పోయిన పాత డిస్కును వారంటీకి పంపాలా వద్దా అన్నది దాంట్లో ఏముందో చూసి తేల్చుకోవాలి. అది తిరగడం మానేసినా అందులో పేషెంట్ల రిపోర్టులో, మిల్లు ఖాతాలో చెక్కుచెదరకుండా ఉంటాయి, తుడిచే దారి లేదు. పలుకుతుంటే ష్రెడ్ -వీ -ఎన్ 1 తో ఒక్కసారి తిరగరాసి పంపండి. పలకకపోతే వారంటీ సంగతి మరిచిపోయి, పై మూత తీయకుండానే పళ్లేల మీదుగా మూడు చోట్ల డ్రిల్ దించండి. స్మార్ట్‌డీ ఫైల్లో కొత్త సీరియల్ నంబర్ మార్చి, క్యాడీ ముందు భాగాన ఆ నంబర్ చివరి నాలుగు అక్షరాలు, పెట్టిన నెల మార్కర్‌తో రాసి ఉంచండి.